ధ్యానము నిరాలోచనము కాదు

ధ్యానమనగా ఆలోచనలు లేని స్థితి యని నేడు తిరుపతి మొదలుకొని మదనపల్లె వరకు ఏ సభలో కూర్చున్నను వినవచ్చుచున్నది. కన్నులు మూసికొనవలెననియు, వచ్చిన ప్రతి తలపును వెళ్లగొట్టవలెననియు, మనస్సు పూర్తిగా ఖాళీయైన క్షణమే ధ్యానమనియు ఉపన్యాసకులు చెప్పుచున్నారు. శ్రోతలు ప్రశ్నింపక తల యూచుచున్నారు. కరపత్రములును, సెల్‌ఫోనులలో తిరుగు చిన్న చిన్న ప్రసంగములును దానినే వల్లించుచున్నవి. 2024లో ఐక్యరాజ్యసమితి డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా ప్రకటించినది. లోకమంతయు మన మాటను గౌరవించుచున్న ఈ వేళ, ఆ మాటకు వేల యేండ్లుగా పండితులును పామరులును కలిసి నిలుపుకొన్న అర్థమును మనమే విడిచి, దానికి సరిగా విరుద్ధమైన అర్థమును తెచ్చి నిలుపుచున్నాము. ఇది చిన్న పొరపాటు కాదు. ఆలోచనకు పేరైన మాటను ఆలోచింపకుండుటకు పేరు చేయుట విద్యకును, వివేకమునకును, కడకు ఏ యోగమును పొగడుచున్నారో ఆ యోగమునకును ద్రోహము.

శబ్దము పుట్టుకనుండి ఆరంభింతము. పాణినీయ ధాతుపాఠమున భ్వాదిగణమునందు 'ధ్యై' అను ధాతువు కలదు. దానికి అచ్చట చెప్పబడిన అర్థము చింత. నేటి తెలుగులో చింతయనగా దిగులని వాడుక యున్నను, సంస్కృతమున దాని మొదటి అర్థము తలపోయుటయే. ఆ ధాతువునుండి ఏర్పడిన ధ్యానశబ్దమునకు అక్షరార్థము తలపోత. బుద్ధికి పేరైన 'ధీ' శబ్దమును వైయాకరణులు ఈ ధాతువునుండియే సాధించిరి. అమరసింహుడు తన నిఘంటువున చింత, స్మృతి, ఆధ్యానము అను మూడింటిని ఒక్క వరుసలో పర్యాయములుగా కూర్చెను. ధీమంతుడన్నను ధ్యానమన్నను మూలమొక్కటి యైనప్పుడు, బుద్ధికి తోబుట్టువైన మాట బుద్ధి పనిచేయకుండుటకు పేరెట్లగును?

తిరుపతిలో సంస్కృత విద్యాలయముల పరిసరములయందు మెలగినవారికి 'చింతన' యను మాట మిక్కిలి పరిచితము. 1961లో వెలసి, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన విద్యాపీఠము ఈ ఊరిలోనే యున్నది గదా. గురువు పాఠము చెప్పి లేచిన పిమ్మట ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుండి ఆ పాఠమును మరల త్రవ్వుటకే చింతన యని పేరు. ఒకడు పంక్తి చదువును. రెండవవాడు, ఈ పదమిక్కడ ఎందుకు, ఇది లేకున్నచో ఏ దోషము వచ్చును, ఆ దోషమును పూర్వపక్షి ఏ రీతిగా చూపును అని అడుగును. మొదటివాడు చెప్పలేకపోయెనా, పంక్తి మరల మొదటికి వచ్చును. దీపాలు పెట్టు వేళ దాటిపోవును. భోజనమునకు పిలిచిన పిలుపు చెవి సోకదు. వేలు మాత్రము తాళపత్రముల నాటినుండి నేటి అచ్చుపుస్తకము వరకు మారని రీతిలో ఆ యొక్క పదముమీదనే నిలిచియుండును. ఆ వేలును, ఆ కన్నులను చూచినవారెవ్వరును ఆ బాలుడు ధ్యానమునకు దూరముగా నున్నాడని అనజాలరు.

శబ్దమూలమును చూపినంతమాత్రమున వాదము ముగియదు. వ్యుత్పత్తికంటె రూఢి బలవత్తరమని శాస్త్రజ్ఞులే చెప్పుదురు. ధాతువేదైన నేమి, లోకమున అర్థము మారినది, మారిన దానినే గ్రహింపవలెనని ఎదుటివారు అనవచ్చును. ఆ న్యాయమును నేను అంగీకరించుచున్నాను. అంగీకరించియే అడుగుచున్నాను: రూఢి మారినదెక్కడ? సభామంటపములలో మారినదేమో గాని, ఇండ్లలో మారలేదు. పొయ్యిమీద పాలు పొంగిపోయినచో చిత్తూరు సీమలో తల్లి కూతురిని "యాడుందే నీ ధ్యాస?" అని కేకలు వేయును. పగలంతయు గనిమమీద తిరుగు రైతును గూర్చి ఇరుగుపొరుగువారు "ఆయనకు పొద్దస్తమానం చేని ధ్యానమే" అందురు. లోభిని గూర్చి "ఎప్పుడు చూసినా డబ్బు ధ్యానమే" అందురు. ఇచ్చట ధ్యానమనగా మనస్సు ఒకదానిని పట్టుకొని విడువకుండుటయే గాని, ఏమియు పట్టుకొనకుండుట కాదు.

వీనియన్నిటికంటె బలమైన సాక్షి 'పరధ్యానము'. తరగతిలో కిటికీవైపు చూచుచున్న పిల్లవానిని అయ్యవారు "ఏమిరా, పరధ్యానంగా ఉండావే" అని హెచ్చరించును. ఆ పిల్లవాని మనస్సు ఖాళీగా లేదు. అది చెరువుగట్టుమీద నున్నది, ఆటస్థలమున నున్నది, సాయంకాలపు సంతలో నున్నది. పాఠముమీద ఉండవలసిన తలపు పరమైనదానిమీద, అనగా ఇంకొకదానిమీద, ఉన్నది గనుకనే అది పరధ్యానము. ధ్యానమనగా ఆలోచన లేకుండుట యైనచో పరధ్యానమనగా 'ఇంకొక ఆలోచన లేకుండుట' యని అర్థము చెప్పవలసివచ్చును; అట్టి మాటకు అర్థమే లేదు. అక్షరము రాని ముసలమ్మ సైతము ఈ సమాసమును తప్పు లేక ప్రయోగించును. రూఢి కోట్ల జనుల నాలుకమీద నుండునది. అది నేటికిని ధాతువు పక్షముననే నిలిచియున్నది.

భగవద్గీతను చేతబట్టి నిరాలోచనమును బోధించువారు రెండవ అధ్యాయమునందు మనుష్యుని పతనక్రమమును వర్ణించిన చోటును మరచుట ఆశ్చర్యకరము. విషయములను ధ్యానించు పురుషునికి వానియందు సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, ఇట్లు కడకు బుద్ధినాశము కలుగునని అచ్చట శ్రీకృష్ణుని ఉపదేశము. ఆ పతనమునకు మొదటి మెట్టుగా వాడబడిన క్రియ ధ్యైధాతువునుండి వచ్చినదే. ధ్యానము తలపులేమి యైనచో ఆ శ్లోకమున విషయములను తలపనివాడు చెడిపోవునని తేలును! జైనులు ధ్యానమును ఆర్తము, రౌద్రము, ధర్మ్యము, శుక్లము అని నాలుగు విధములుగా విభజించిరి. పోయినదానికై కుమిలిపోవుచు దానినే తలపోయుట ఆర్తధ్యానము. హింసాదులను తలపోయుట రౌద్రధ్యానము. పగవానిని ఎట్లు కూల్చుదునా యని రాత్రి పగలు ఎన్నుకొనువాడును వారి లెక్కలో ధ్యానియే, చెడుధ్యాని. ధ్యానము మంచిదగుటయు చెడ్డదగుటయు తలపబడు వస్తువునుబట్టి యని ఆ విభాగమే చెప్పుచున్నది.

ప్రతిపక్షమునకు ప్రధానమైన ఆధారము పతంజలి. యోగసూత్రముల రెండవ సూత్రమున చిత్తవృత్తుల నిరోధమే యోగమని యున్నది గదా, వృత్తి యనగా తలపు గదా, కావున ధ్యానము తలపుల నిరోధమే యని వారి అనుమానము. ఈ అనుమానమున దోషము స్పష్టము. ఆ సూత్రము చెప్పునది యోగలక్షణము, ధ్యానలక్షణము కాదు. ధ్యానము ఎనిమిది అంగములలో ఏడవది. దాని లక్షణము మూడవ పాదము ఆరంభమున వేరుగా చెప్పబడియున్నది. అంగి యొక్క లక్షణమును తెచ్చి అంగమునకు తగిలించుట ఏ శాస్త్రమునను చెల్లదు.

మూడవ పాదమున పతంజలి చెప్పిన క్రమమును నిదానముగా చూతము. చిత్తమును ఒక దేశమున కట్టి నిలుపుట ధారణ. అట్లు నిలిపిన చోటనే ప్రత్యయము ఏకతానముగా సాగుట ధ్యానము. ఆ సాగుటలో తెలిసికొనువాడు తన్ను తాను మరచినట్లై తెలియబడు అర్థమే ప్రకాశించుట సమాధి. ప్రత్యయమనగా జ్ఞానము, తలపు. కావున ధ్యానమున తలపున్నది. లేనిది ఇతరమైన తలపు. వ్యాసభాష్యమును ఇతర ప్రత్యయములచే తాకబడని సదృశప్రవాహమనియే దీనిని వివరించినది. అంతటితో నాగదు. సమాధిలో సైతము సంప్రజ్ఞాతమను భూమికకు వితర్కము, విచారము, ఆనందము, అస్మిత తోడుండునని పతంజలియే మొదటి పాదమున చెప్పెను. సమాధి మెట్టునందే వితర్క విచారములకు చోటుండగా, దానికి క్రిందిదగు ధ్యానమున వానిని బహిష్కరించుటకు ఈ ఉపన్యాసకులకు అధికారమిచ్చినదెవరు? సర్వవృత్తినిరోధము చాలకాలము ఎడతెగని అభ్యాసము చేతను, వైరాగ్యము చేతను గలుగు తుదిఫలము. ఇరువది నిమిషములు గడియారము పెట్టుకొని కూర్చున్నవారికి ఆ ఫలమును చేతిలో పెట్టుదుమనుట సాహసము.

ఈ విషయమున శంకరులును రామానుజులును ఏకకంఠులు. బ్రహ్మము సగుణమా నిర్గుణమా యని తరతరములుగా వాదులాడిన రెండు సంప్రదాయములు ధ్యానమునకు చెప్పిన ఉపమానము ఒక్కటియే: తైలధార. ఒక పాత్రనుండి ఇంకొక పాత్రకు వంచిన నూనె చుక్కలు చుక్కలుగా తెగక, నీటివలె చెదరక, ఒక్క సన్నని తీగగా దిగును. అట్లు తెగక సాగు తలపు ధ్యానము. రామానుజులు దానిని ఎడతెగని స్మృతిసంతానమని మరియు స్పష్టపరచిరి. ధారను ఆపివేయుట ధ్యానమని వీరిలో ఎవ్వరును అనలేదు. రామానుజులు తమ మేనమామయగు తిరుమలనంబి యొద్ద ఈ తిరుపతికొండ అడుగుననే ఒక యేడు రామాయణరహస్యములను విని, తరచి తెలిసికొనిరని సంప్రదాయము. ధ్యానమును స్మృతియని చెప్పిన ఆచార్యుడు తిరిగిన వీథులలోనే నేడు ధ్యానమనగా విస్మృతి యని బోధ జరుగుచున్నది.

పండితుల భాష్యములవరకు పోనక్కరలేదు. మన ఇంటి పూజను చూచిన చాలును. వినాయకచవితినాడు పసుపుగణపతిని తమలపాకుమీద నిలిపి, పుస్తకము చూచుచు ఇంటి పెద్ద షోడశోపచారములను ఆరంభించును. మొదట ధ్యానము, పిమ్మట ఆవాహనము, తరువాత ఆసనము. దేవుని పిలుచుటకు ముందే ధ్యానమెందుకు? రానున్నవాని రూపమును మనస్సున నిలుపుకొనుటకు. అందుచేతనే ధ్యానశ్లోకములనెడి శ్లోకములు దేవుని వర్ణమేది, ముఖమెట్టిది, భుజములెన్ని, ఏ చేత ఏ ఆయుధమున్నది, వస్త్రమేది, వాహనమేది యని వరుసగా చెప్పుచు పోవును. ఆ శ్లోకమును చదువుచు కన్నులు మూసిన గృహస్థు మనస్సు శూన్యము చేసికొనుటలేదు. పిండిముద్దవంటి పసుపుబొమ్మలో లేని తొండమును, చేతులను, మోదకమును ఒక్కొక్కటిగా లోపల దిద్దుకొనుచున్నాడు. ఇది కష్టమైన మానసికవ్యాపారము. తెలుగునాట ప్రతి యింట నేటికిని జరుగుచున్న ఈ ధ్యానమును కాదని, వేరొక అర్థమే నిజమైన ధ్యానమనుట దేనికి?

బౌద్ధులను సాక్ష్యమునకు పిలుచువారున్నారు. సంస్కృత ధ్యానము పాళీలో ఝానమై, చీనాదేశమున చానై, జపానున జెన్ అయినది. ఆ జెన్ శూన్యమనస్సును బోధించినది గదా యని వారి ప్రశ్న. మాట వెళ్లిన దారి నిజమే. నిర్ణయము నిజము కాదు. బుద్ధుడు చెప్పిన నాలుగు ధ్యానములలో మొదటిదానికి వితర్కమును విచారమును అంగములు. పై మెట్లలో అవి శాంతించునని చెప్పిరి గాని, అవి యున్న మొదటిదానికి ధ్యానమను పేరు తొలగింపలేదు. జెన్ సంప్రదాయములలో నొకటి గురువిచ్చిన ప్రశ్నను నిద్రలోను విడువక మోయించును. అనాలోచనమును నుతించునదిగా పేరుపొందిన చాన్ గురువు హుయ్‌నెంగ్ బోధగ్రంథమే, దేనినియు తలపక తలపులనెల్ల త్రోసివైచి కూర్చుండుట భ్రాంతి యని హెచ్చరించుచున్నది.

ఈ వివాదము క్రొత్తది కాదు. ఎనిమిదవ శతాబ్ది తుదిని టిబెట్టులోని సమ్యే విహారమున ఇదే ప్రశ్నపై మన దేశమునుండి పోయిన కమలశీలునికిని, మహాయానుడను చీనా భిక్షువునకును వాదము జరిగినట్లు టిబెట్టు చరిత్రకారులు వ్రాసిరి. మంచిచెడ్డ తలపులన్నియు బంధములే, ఏమియు తలపకుండుటయే ముక్తిమార్గమని భిక్షువు పక్షము. కమలశీలుడు తన భావనాక్రమములలో దానిని ఖండించెను. ఉన్నదానిని ఉన్నట్లు పరిశీలింపక ప్రజ్ఞ పుట్టదు. తలపును మానుటయే జ్ఞానమైనచో మూర్ఛపోయినవానికిని అది కలుగవలెను. ఏమియు తలపరాదని నిశ్చయించుకొనుటయు తలపే గదా. పండ్రెండు వందల యేండ్లు గడిచినను ఈ వాదమునకు సమాధానము రాలేదు; సమాధానమీయక, పూర్వపక్షమునే సిద్ధాంతముగా మన ఊళ్లలో అమ్ముచున్నారు.

ఇక మన సీమవారినే చూతము. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, మదనపల్లెలో రూపావతార సుబ్రహ్మణ్యశాస్త్రి యొద్ద ఉపదేశము పొంది, తిరుమల తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసిన వెంగమాంబను ధ్యానయోగిని యని అందరును తలచుదురు. తలచుట న్యాయమే. కాని ఆమె 1817లో కన్ను మూయునాటికి విడిచిపోయినది మౌనమును మాత్రమే కాదు. రాజయోగామృతసారము వ్రాసెను, వేంకటాచలమాహాత్మ్యము వ్రాసెను, ద్విపదలో వాసిష్ఠరామాయణము వ్రాసెను. ఆ వాసిష్ఠమునకు మూలమైన గ్రంథమున మోక్షద్వారమునకు నలుగురు కావలివారు చెప్పబడిరి: శమము, విచారము, సంతోషము, సాధుసంగము. విచారము, అనగా నేను ఎవడను, ఈ ప్రపంచమేది యని తరచి చూచుట, ద్వారమున నిలిచియున్నది. ఆ కావలివానిని ద్రోసివైచి లోనికి పోవచ్చునని వెంగమాంబ ఎవ్వరికిని చెప్పలేదు.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పేరును ఈ నిరాలోచనవాదులు తరచుగా స్మరింతురు. తెలిసినదానినుండి మనస్సు ఖాళీ కావలెనని ఆయన పలుమారులు చెప్పినమాట వాస్తవము. ఐనను ఆయన సంస్కృతశబ్దమునకు వ్యాఖ్యానము చేయుటలేదు. ఆంగ్లమున, తన స్వతంత్రదృష్టిని చెప్పుచుండెను. ఆయన త్రోసిపుచ్చినది జ్ఞాపకముల పునరావృత్తిని, ఇతరులు చెప్పినదానిని మరల పలుకుటను. 1929లో తనకై స్థాపింపబడిన నక్షత్రసంఘమును తానే రద్దుచేసినవాడు, ప్రశ్నింపక కూర్చుండుడని చెప్పు పద్ధతులను ఆమోదించునా? ఋషివ్యాలీలో బాలురతోడను, 1980లో డేవిడ్ బోమ్ అను భౌతికశాస్త్రవేత్తతోడను ఆయన జరిపిన సంభాషణలను చదివిన వారికి కనబడునది, ఒక్క ప్రశ్నను పట్టుకొని దానిని తేలికగా ముగియనీయని పట్టుదల. ఆ పట్టుదలకు మన పూర్వులు పెట్టిన పేరు ధ్యానమే.

పాశ్చాత్యులు ధ్యానమునకు 'మెడిటేషన్' అను మాటను ఎన్నుకొన్నది కూడ ఆ మాటకు వారి భాషలలో గాఢముగా ఆలోచించుట యని అర్థముండుటచేతనే. 1641లో డెకార్టు తన తత్త్వగ్రంథమునకు పెట్టిన పేరు అదియే. అందు ఆలోచన ఆగిన పుట ఒక్కటియు లేదు. 1899 నాటి మోనియర్ విలియమ్స్ నిఘంటువు ధ్యానశబ్దమునకు ఆలోచన, పర్యాలోచన అనియు అర్థములిచ్చినది. తరువాతి కాలమున వారి మాట మారి, ఆ మారిన అర్థము మరల మన మాటమీదికి వచ్చి కూర్చున్నది. మన శబ్దమునకు మనము పరదేశపు అనువాదమునుండి అర్థము నేర్చుకొనుట సిగ్గుచేటు.

శ్వాసను గమనించుచు కొంతసేపు నిశ్చలముగా కూర్చుండుటను నేను నిందించుటలేదు. అలసిన మనస్సునకు అది విశ్రాంతి, కొందరికి నిద్ర పట్టును, కొందరికి కోపము తగ్గును, మేలే. నిజమునకు శ్వాసను గమనించుటయును ఒక ఆలంబనముమీద తలపును నిలుపుటయే. అనగా వారు చేయించుచున్నది కొంతవరకు ధ్యానమే, చెప్పుచున్నది మాత్రము దానికి విరుద్ధము. హాని చేయునది ఆ చెప్పుట. పరీక్షభయముతో నున్న బాలుడు కన్నులు మూయును, తలపులు ఆగవు, ఎవరికిని ఆగవు, తానొక్కడే అయోగ్యుడనని క్రుంగిపోవును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఆలోచింపవద్దమ్మా అనుచున్నారు. ఆమెకు కావలసినది ఆ దుఃఖమును నిదానముగా తలపోయుటకు ఒక తోడు. అప్పు తీరక, బోరుబావి ఎండి, దారి తోచని రైతునకు ఆలోచనయే రోగమని చెప్పినచో అతనికి మిగిలిన ఏకైక సాధనమును లాగికొన్నట్లే. సభలో లేచి ప్రశ్న అడిగిన యువకుని నోరు మూయించుటకు "నీకింకను ఆలోచనలు పోలేదు" అను మాట ఎంత సులభముగా ఉపయోగపడుచున్నదో నేను ఈ చెవులతో విన్నాను. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి వినుమనియు, మననము చేయుమనియు, నిదిధ్యాసనము చేయుమనియు వరుసగా చెప్పెను. నిదిధ్యాసనమును ధ్యైధాతువునుండి వచ్చినదే. నడుమనున్న మననమును తీసివైచి, వినినవెంటనే శూన్యమునకు దూకుమనుట ఉపనిషత్తు పేరిట ఉపనిషత్తును తుడిచివేయుట.

కావున ఉపన్యాసకులకును, పాఠ్యపుస్తకములు వ్రాయు పెద్దలకును నా విన్నపమిది. మీరు నేర్పుచున్నదానిని విశ్రాంతి యనుడు, శ్వాసపరిశీలనమనుడు, మరి ఏ పేరైనను పెట్టుడు. ధ్యానమనగా ఆలోచనలు లేకుండుట యని మాత్రము వ్రాయకుడు. ఎదుట కూర్చున్న పిల్లవానిని ధ్యానింపుమని మీరడిగినప్పుడు, దేనిని గూర్చి అని వాడు తప్పక అడుగును. ఆ ప్రశ్న సరియైనది. దానికి ఉత్తరము చెప్పి, ఆ పిమ్మట కన్నులు మూయుమనుడు.